ముడి వేయని పట్టు

గెమ్మెలి సత్యవతి గారికి,
కెర్నల్ కాపుదారు, కొండ కేంద్రం.

ఈ నెల ఇరవై అయిదున మా తెప్పల సంఘం కూర్చుంటుంది. తొమ్మిదో తెప్ప తూకందారు కోవిరి దానయ్యను ఆ రోజు పనిలోంచి తప్పిస్తారు. ఆయన చేయని తప్పుకు తప్పిస్తారు. తప్పు మన అరవై ఊళ్ల యంత్రాలనూ నడిపే కెర్నల్‌లో ఉంది. దాన్ని సరిచేసే మార్పును ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. తుపాన్ల కాలం ముగిసేదాకా ఏ మార్పూ తీసుకోకుండా మీరు కెర్నల్‌ను మూసేది కూడా ఆ ఇరవై అయిదునే. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయగలిగేది జనవరిలోనే. అప్పటికి మా తెప్ప తూకం చక్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. తప్పు మాత్రం అరవై ఊళ్లలోనూ అలాగే ఉంటుంది.

దానయ్య నాకు మేనమామ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిదనుకున్నాను.

మార్పు పంపేవాళ్లు తప్పును ఎలా కనిపెట్టారో తమ రోజువారీ పుస్తకంలోంచి ఎత్తి చూపాలన్నది మీ నియమం. నా పుస్తకంలో పనీ ఇల్లూ కలిసిపోయి ఉన్నాయి. ఇంటి సంగతులు తీసేద్దామని చూశాను. తీస్తే ఏది ఎందువల్ల తట్టిందో తెలియకుండా పోతోంది. అందుకని ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

అరిజిల్లి నూకరత్నం,
యంత్రాల తెప్ప, నీలరేవు.


సెప్టెంబరు 3, గురువారం

పొద్దున్నే అమ్మా నేనూ తెప్ప అంచుకు పట్టిన గుల్లలు గీకాం. వారానికోసారి గీకకపోతే బరువు పెరుగుతుంది. గుమ్మంలో నీళ్ల పళ్లెం సరిగ్గా ఉంది. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక పళ్లెం ఉంటుంది. దాని లోపలి అంచు చుట్టూ ఎర్ర గీత, ఆ గీత దాకా నీళ్లు. నీళ్లు అన్ని వైపులా గీతను అంటితే తెప్ప చదునుగా ఉన్నట్టు. పసిపిల్లలు కూడా లేవగానే ముందు పళ్లెం చూస్తారు, తర్వాతే మొహం కడుక్కుంటారు.

ఎనిమిది దాటాక పళ్లెంలో నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి. నేను చూస్తుండగానే రెండు వేళ్లు, మూడు, నాలుగు. ఎండుచేపల దడులు జారుకుంటూ పోయి సముద్రంలో పడ్డాయి. ఇళ్లలో అలమరలు బోర్లాపడ్డాయి. పక్కింటి ముసలమ్మ తూలి పడి మణికట్టు వాచింది. అమ్మ అన్నం కుండను ఒడిలో పెట్టుకుని కూర్చుండిపోయింది.

మావ తూకం గదిలోకి పరుగెత్తి, పంపు ఆపి, చక్రం చేత్తో తిప్పి తెప్పను మళ్లీ చదును చేశాడు. పావుగంట పట్టింది. కుంటి మోకాలితో ఆయన అలా పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

అన్నం మాత్రం ఒలకలేదు. అందరం తిన్నాం.


సెప్టెంబరు 4, శుక్రవారం

యంత్రాల తెప్పలో ఫరీదా అక్క నాకంటే ముందే నిన్నటి నమోదులు తీసి పెట్టింది. ఇక్కడ పని చేసేది మేమిద్దరమే. ఇరవై రెండు తెప్పల తూకమూ చూసే యంత్రం మా గదిలోనే ఉంది.

తెప్పల అడుగున కొంత గాలి, కొంత నీరు ఉండే గదులుంటాయి. పడవలు వచ్చి సరుకు దించితే ఒక పక్క బరువెక్కుతుంది. అప్పుడు పంపు ఆ పక్క గదుల్లోని నీటిని ఇటు పక్కకు తోడుతుంది. ఎంత తోడాలో ఆ తెప్ప తూకం ఫైలులో ఉంటుంది. తూకందారు రోజుకు మూడుసార్లు ఫైలులో లెక్క సరిచూసి, పంపుకు అప్పజెబుతాడు.

నిన్న మావ ఎనిమిదీ పన్నెండుకు ఫైలు తెరిచాడు, అప్పజెప్పాడు, మూశాడు. మూసిన రెండు సెకన్లకు పంపు పిచ్చిగా తోడడం మొదలుపెట్టింది.

సంఘం పెద్ద మైలపల్లి సన్యాసమ్మ మధ్యాహ్నం వచ్చి ఆ నమోదుల కాగితం చూసింది. ఆవిడ ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు.

"పంపు తోడకముందే ఫైలు మూసీసినాడు. అంతే కదా?"

"మూసింది నిజమే పెద్దమ్మా. మూస్తే ఇలా ఎందుకవుతుందో తెలీడం లేదు."

"తెలీకపోతే తెలుసుకో. ఇరవై అయిదున అందరం కూకుంటాం. అందాకా చక్రం ఆడి చేతిలోనే ఉంటాది. ఆ తర్వాత ఉండదు."


సెప్టెంబరు 5, శనివారం

మావ వల కుట్టుకుంటున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"మావా, మిగతా తూకందార్లు ఫైలు తెరిస్తే రోజంతా అలాగే వదిలేస్తారు. నువ్వెందుకు ప్రతిసారీ మూస్తావు?"

"తెరిసినోడు మూయాల. తలుపైనా అంతే, మూతైనా అంతే. మీ అమ్మకి సిన్నప్పట్నించీ సెప్తన్నాను, ఇనదు."

"ఇంటన్నాను," అని లోపల్నించి అమ్మ. "ఉప్పు డబ్బా మూత ఏ సుట్టం ఎత్తుకుపోతాడని."

"సూసినావా," అన్నాడు మావ. కాసేపు కుట్టి మళ్లీ అన్నాడు. "నాను మూసినాను, తెప్ప ఒరిగింది. మూసీడమే తప్పైతే తప్పు నాదే. పొయ్యి కాడి పిల్లలెవులైనా సముద్రంలోకి జారుంటే నాను ఏటి సెప్పుకుందును? నువ్వు నా కోసం ఆ పెట్టి ముందర కూకుని కళ్లు పోగొట్టుకోకు."

చక్రం పోతే ఆయన లోపలి తెప్పల్లోకి మారాలి. తూకందారు ఇల్లు అంచునే ఉండాలని నియమం. చక్రం లేనివాడికి అంచున చోటుండదు. ఆయన ఎప్పుడూ సముద్రానికి ఎదురుగానే పడుకున్నాడు. ఏడేళ్లు నన్ను నీళ్లలోంచి పైకి కనిపించే పాత దీపస్తంభం కొన చుట్టూ తిప్పి బడి తెప్పకు పడవలో దించింది కూడా ఆ ఇంటి మెట్ల మీది నుంచే. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడి ముఖం చూడలేదు. ఒక్క రోజు కూడా ఆలస్యంగా దించలేదు.


సెప్టెంబరు 7, సోమవారం

ఒకటి దొరికింది. పంపు పిచ్చిగా తోడలేదు. చాలా శ్రద్ధగా తోడింది.

మూడో తేదీన మా పంపు తోడిన నీటిని గదుల వారీగా రాసి, మిగతా తెప్పల కొలతలతో పోల్చి చూశాను. పద్నాలుగో తెప్పతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఆ పొద్దున వాళ్ల ఎడమ రేవులో మూడు పడవల సరుకు దిగింది. ఆ బరువును సర్దడానికి వాళ్ల పంపు ఎంత తోడాలో, అంతే మా పంపు కూడా తోడింది. మా దగ్గర ఆ బరువు లేదు. కనుక ఒరిగాం.

"అంటే మీ పంపు వాళ్ల ఫైలు చదివింది," అంది ఫరీదా అక్క.

"చదవకూడదు కదక్కా. ఒకరి ఫైలు ఇంకొకరికి ఇవ్వకుండా చూడడమే కెర్నల్ పని."

"నాకు చెబుతావేంటి, కెర్నల్‌కి చెప్పు." చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది. "చదువు. మధ్యాహ్నం గదులు నేను చూసుకుంటాలే."

ఇలాంటి రోజుల్లో నాకు ఈ పని మీద చాలా ఇష్టం కలుగుతుంది.


సెప్టెంబరు 9, బుధవారం

ఇవాళ మా ఇంటి పరువు పద్నాలుగో తెప్ప దాకా వెళ్లింది. అక్షరాలా వెళ్లింది.

తాళ్ల కొట్టులో ప్రతి మోకు పక్కనా ఒక సన్న తాడు వేలాడుతుంటుంది. మోకు వాడుకునేవాళ్లు ఆ సన్న తాడుకు ఒక ముడి వేస్తారు. పని అయ్యాక వచ్చి విప్పుతారు. ముగ్గురు వాడుతుంటే మూడు ముళ్లు. ఒక్క ముడీ లేదంటే ఆ మోకు ఎవరికీ అక్కర్లేదని, ఎవరైనా పట్టుకుపోవచ్చని అర్థం. కొట్టు లోపలే నిలబడి, ఏదో ఒకటి లాగి అక్కడే వదిలేసేటప్పుడు మాత్రం ముడి వేయనక్కర్లేదు. చేత్తో పట్టుకుంటే చాలు. ఇది అందరూ ఒప్పుకున్న వెసులుబాటు.

అమ్మ అలాగే చేత్తో పట్టుకుంది. కానీ కొసను పట్టుకుని కొట్టు దాటి బయటికి వచ్చేసింది. దాన్ని రెండు గుంజలకు కట్టి చేపలు ఆరేసింది. లోపల మోకు చుట్ట పక్కని సన్న తాడుకు ముడి లేదు. పద్నాలుగో తెప్ప వాళ్లు వచ్చి చూసుకుని, చుట్టను పడవలో వేసుకుని తెడ్లు వేశారు. మా చేపలు ఒక్కొక్కటిగా గుంజల మీంచి లేచి సముద్రం వైపు నడిచాయి.

"ఓలమ్మ, నా సేపలు," అని అమ్మ.

"నీ సేపలే పైడమ్మా," అని పడవలోంచి ఒకతను, "తిరిగి ఈదుకుంటూ పోతన్నాయి."

"ముడేసినావేటే?" అని మావ.

"కొట్టులోనే ఉన్నాను కదా అనుకున్నాను."

"కొట్టులో ఉన్నది నువ్వా, మోకా?"

నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చింది. చేపల్లో సగం దక్కాయి. ఆ తర్వాత కూర్చుని తల దువ్వుకుంటుంటే నవ్వు ఆగిపోయింది.

చేత్తో పట్టుకుని, బయటికి తెచ్చేసింది.

కెర్నల్‌లో కూడా రెండు రకాల పట్లు ఉన్నాయి.


సెప్టెంబరు 10, గురువారం

మీకు తెలిసినదే, అయినా నా పుస్తకంలో ఎలా రాసుకున్నానో అలా ఉంచుతున్నాను.

ప్రతి తెరిచిన ఫైలు పక్కనా కెర్నల్ ఒక లెక్క ఉంచుతుంది, దాన్ని ఎందరు పట్టుకున్నారని. పట్టుకున్నవాళ్లు ఒకటి పెంచుతారు. వదిలినవాళ్లు ఒకటి తగ్గిస్తారు. సున్నా అయితే కెర్నల్ ఫైలును మూసేసి, అది ఉన్న చోటును తర్వాత ఎవరు ఏ ఫైలు తెరిస్తే వాళ్లకు ఇస్తుంది. ఇది ముడి వేసిన పట్టు. ఇంకో రకం ఉంది. అడిగిన పని అక్కడికక్కడే ముగిసిపోయేదైతే, ఆ ఫైలు జోలికి ఇంకెవరూ రాలేని పక్షంలో, లెక్క పెంచకుండా ఊరకే పట్టుకోవచ్చు. పని వేగంగా అవుతుంది. ఒకటే షరతు. ఆ పని ముగిసేలోగా వదిలేయాలి. పట్టుకున్నదాన్ని తర్వాతి పనికి మోసుకుపోకూడదు.

కెర్నల్‌లో పంపును నడిపే భాగం తెరిచాను. నాలుగు వందల చిల్లర వరుసలు. మధ్యాహ్నానికి దొరికింది. తూకందారు అప్పజెప్పగానే కెర్నల్ ఫైలును ఊరకే, లెక్క పెంచకుండా పట్టుకుంటోంది. అంతవరకు తప్పు లేదు. కానీ ఆ ఫైలు ఉన్న చోటు చిరునామాను పంపు పనుల వరుసలో పెట్టి, తూకందారును పంపించేస్తోంది. పంపు తన వంతు వచ్చాక, రెండు మూడు సెకన్ల తర్వాత, ఆ చిరునామాకు వెళ్లి చదువుతోంది.

ఈలోగా తూకందారు ఫైలు మూస్తే లెక్క సున్నా. చోటు ఖాళీ. ఖాళీలోకి ఎవరొస్తే వాళ్లది.

ఫైలు రోజంతా తెరిచి ఉంచేవాళ్లకు ఇది ఎప్పుడూ తగలదు. మూసేవాడు మావ ఒక్కడే. ఆయన కూడా ఇన్నాళ్లూ మూస్తూనే ఉన్నాడు. ఆ రెండు సెకన్లలో ఆ చోటులోకి ఇంకెవరూ రాలేదు. మూడో తేదీన పద్నాలుగో తెప్ప తూకందారు వచ్చాడు.

ప్రతి వరుస పక్కనా అది ఎప్పుడు వచ్చిందో, ఎవరు రాశారో ఉంటుంది. చూశాను.

రెండేళ్ల కిందటి నవంబరు. అరిజిల్లి నూకరత్నం.


సెప్టెంబరు 11, శుక్రవారం

పళ్లెం సరిగ్గా ఉంది. ఏమీ రాయబుద్ధి కాలేదు.


సెప్టెంబరు 12, శనివారం

అది నేను పంపిన మొదటి మార్పు. అంతకు ముందు పంపు పని ముగిసేదాకా తూకందారు ఆరుబయట, ఫైలు తెరిచే పలక ముందు నిలబడాల్సి వచ్చేది. మావ మోకాలు అప్పుడే పాడైంది. ఎండలో ఒంటి కాలి మీద నిలబడేవాడు. పనిని వరుసలో పెట్టి మనిషిని వదిలేస్తే సరిపోతుంది కదా అనిపించింది. అలాగే రాశాను. ఫైలును పట్టుకునే వరుస పాతదే, ఊరకే పట్టుకునేది. పని అక్కడికక్కడ ముగిసినన్నాళ్లూ అది సరైనదే. పనిని నేను బయటికి తెచ్చాను, ముడి వేయడం మరిచాను. మీ కేంద్రం నుంచి "తీసుకున్నాం" అని జవాబొచ్చిన రోజు తొమ్మిదో తెప్ప అంతా మా ఇంట్లో పీతల పులుసు తిన్నారు.

ఫరీదా అక్కకు చెప్పాను. ఆమె తెర మీద ఆ వరుసలు ఇంకోసారి చదివింది.

"నువ్వు రాశావు. కొండ మీద ఇద్దరు చూశారు, బాగుందన్నారు. అరవై ఊళ్లు రెండేళ్లు వాడాయి. ఎవరికీ కనబడలేదు."

"అవునక్కా."

"సరిచేసి పంపు. 'పాత తప్పు సరిచేశాను' అని రాయి. అబద్ధం కాదుగా."

"ఏ మార్పు వల్ల వచ్చిన తప్పో ఆ మార్పు పేరు రాయాలి. అది నియమం."

"రాస్తే నీ తాళం తీసుకుంటారు, రత్నం." మార్పులు పంపే హక్కును మేం తాళం అంటాం. మా రేవులో అది నాకొక్కదానికే ఉంది. "నీకొచ్చిన తాళం చూసి బడి తెప్పలో ఎంతమంది ఆడపిల్లలు లెక్కలు నేర్చుకుంటున్నారో తెలుసా?"

తెలుసు. పదకొండు మంది. అందులో ఇద్దరికి నేనే చెబుతున్నాను.

"తీసుకుంటే మళ్లీ అడుగుతాను," అన్నాను. "మావకు చక్రం మళ్లీ ఇవ్వరు."

"మొండిదానివి," అంది. "ముందు సరిగ్గా రాయి. ఈసారి నేను కూడా చదువుతా."


సెప్టెంబరు 14, సోమవారం

సన్యాసమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. రొయ్యలు వలుస్తోంది. నేను కూడా కూర్చుని వలుస్తూ చెప్పాను. కెర్నల్ అని మొదలుపెడితే ఆవిడ రొయ్యల మీంచి కళ్లెత్తలేదు. తాళ్ల కొట్టు, ముడి, అమ్మ చేపలు అని చెప్పాక చెయ్యి ఆపింది.

"మీ అమ్మ మోకు బయటికి తెచ్చీసింది. ఆళ్లు ముడి నేదని పట్టుకుపోయినారు. ఆళ్లది తప్పు కాదు."

"కాదు."

"నీ మావ ఫైలు మూసీడం, ఆళ్లు మోకు పట్టుకుపోడం నాంటిదంటావు."

"అంతే పెద్దమ్మా. మూయడం ఆయన పని. ఆయన సరిగ్గానే మూశాడు. బయటికి తెచ్చింది నేను."

ఆవిడ నన్ను చూసింది. కోపంగా కాదు, బరువు అంచనా వేసినట్టు.

"నాకర్తమైనాది. నాకర్తమైతే సాలదు. నీ మావని కాపాడ్డానికి తప్పు నువ్వు నెత్తికెత్తుకున్నావంటారు. సుట్టరికం అంటారు. కొండోళ్ల కాడ్నించి మాట తే. ఆళ్లు మనకి సుట్టాలు కారు."

లేచి వస్తుంటే వెనక నుంచి అంది. "రొయ్యలు బాగా వలిసినావు. రేపూ రా."


సెప్టెంబరు 15, మంగళవారం

మార్పు రాశాను. పట్టుకునేటప్పుడు లెక్క పెరుగుతుంది. పంపు చదవడం ముగించాక లెక్క తగ్గుతుంది. రెండు వరుసలు. ఎంత సులువు అనుకున్నాను.

ఫరీదా అక్క దాన్ని మా గదిలోని విడి యంత్రంలో ఎక్కించి, దానికి ఇరవై రెండో తెప్పను కలిపి మధ్యాహ్నమంతా నడిపింది. ఆ తెప్ప ఖాళీది, మరమ్మతులో ఉంది. సాయంత్రానికి మూసిన ఫైళ్లు నిజంగా మూసుకోకుండా కుప్పపడ్డాయి. మూడు వందల పైచిలుకు.

"పని పంపు దగ్గరికి వెళ్లేసరికి గది నిండిపోయి ఉందనుకో," అంది. "అప్పుడు చదవకుండా తిరిగొచ్చేస్తుంది. ఆ దారిలో వదులుతున్నావా?"

వదలడం లేదు. ముడి వేశాను గానీ, పని ముగించుకుని వచ్చే దారిలోనే విప్పుతున్నాను. పని కాకుండా తిరిగొచ్చే దారులు మూడున్నాయి. ఆ మూడింట్లోనూ ముడి ఉండిపోతోంది. ముడి వేయకపోతే ఒకరి మోకు ఇంకొకరు పట్టుకుపోతారు. విప్పకపోతే కొట్టు నిండా ఎవరికీ అక్కరలేని, ఎవరూ ముట్టుకోలేని మోకులు.

మళ్లీ రాశాను. ఇప్పుడు పట్టు ఆ పనికే అతుక్కుని ఉంటుంది. పని ఏ దారిన ముగిసినా, ముగియకపోయినా, దానితో పాటే పట్టు తనంతట తాను వదులుకుంటుంది. విప్పడం ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మరిచిపోయే మనుషుల కోసం ఇలాగే రాయాలని అనిపించింది. ముఖ్యంగా నా కోసం.


సెప్టెంబరు 16, బుధవారం

మావను ఇరవై రెండో తెప్పకు తీసుకెళ్లడం అన్నిటికంటే కష్టమైంది.

"మళ్లీ నా సేత మూయించి మళ్లీ ఒరిగిద్దామనా? నానొల్లను."

"ఖాళీ తెప్ప మావా. మనం తప్ప ఎవరూ లేరు. నువ్వు మూసినట్టు ఇంకెవరూ మూయరు. వేరేవాళ్లయితే ఆగి ఆగి మూస్తారు."

"నీకు ఈత వచ్చా?"

"నువ్వే నేర్పావు కదా."

"అదే భయం," అని పడవెక్కాడు.

ముందు పాత కెర్నల్‌తో చూశాం. మా గదిలో కూర్చుని ఫరీదా అక్క వేరే తెప్ప ఫైలును మాటిమాటికీ తెరిచి మూస్తోంది, ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు రావాలి కనుక. ఇక్కడ మావ తెరిచాడు, అప్పజెప్పాడు, మూశాడు. ఆరుసార్లు ఏమీ కాలేదు. ఏడోసారి పళ్లెంలో నీళ్లు కదిలాయి. రెండు వేళ్లు ఒరిగింది. నేను పంపు ఆపాను.

మావ పళ్లెం గీత మీద వేలు పెట్టి చూశాడు.

"నాను ఏటీ సేయనేదు."

"ఏమీ చేయలేదు. మూశావంతే."

"మూసీడం తప్పు కాదన్నమాట."

"కాదు. తప్పు నాది మావా. నువ్వు ఎండలో నిలబడకుండా ఉండాలని రెండేళ్ల కిందట రాశానే, అందులో ఉంది. ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు."

ఆయన మోకాలు రాసుకున్నాడు.

"పీతల పులుసు పెట్టినారే, ఆ దానిలోనా?"

"ఆ దానిలోనే."

"పులుసు బాగున్నాది," అన్నాడు. "నిలబడకుండా వదిలీడం కూడా బాగున్నాది. అది మాత్తరం తీసీకు. ఇప్పుడు కొత్తది పెట్టు, సూద్దాం."

ఫరీదా అక్కతో కొత్త కెర్నల్ పెట్టించాను. పదిసార్లు చాలన్నాను. ఆయన వినలేదు. తెరవడం, అప్పజెప్పడం, మూయడం. ప్రతిసారీ మూశాక పళ్లెం వైపు వంగి చూసి, ఒక గవ్వ పక్కన పెట్టాడు. నలభై గవ్వలు. నీళ్లు గీతను వదలలేదు. అక్కడ యంత్రంలో ఫరీదా అక్క లెక్కపెడితే తెరిచి ఉండిపోయిన ఫైళ్లు సున్నా.

తిరిగి వస్తూ తెడ్డు నాకిచ్చి ఆయన పడవలో వెల్లకిలా పడుకున్నాడు. ఎండ మొహం మీద పడుతున్నా కదల్లేదు. గురక కూడా పెట్టాడు. రెండు వారాల్లో ఆయన నిద్రపోవడం చూడడం అదే మొదలు.


సెప్టెంబరు 17, గురువారం

మార్పు కింద రాయాల్సిన వరుసలు రాశాను. ఏ మార్పు తెచ్చిన తప్పును సరిచేస్తుందో అన్నచోట నా పేరున్న మార్పునే రాశాను. చదివి చూసినవారు: షేక్ ఫరీదా. పరీక్షించినవారు అన్నచోట ఆగాను. మామూలుగా అక్కడ మా గది వాళ్ల పేర్లే ఉంటాయి.

మావను అడిగాను, పేరు పెట్టొచ్చా అని.

"నా పేరు కొండకెల్తాదా?"

"వెళ్తుంది. వాళ్లు తీసుకుంటే అరవై ఊళ్ల కెర్నల్‌లోనూ ఉంటుంది."

"ఎన్నాళ్లుంటాది?"

"ఆ వరుసలు ఉన్నన్నాళ్లూ."

వల పక్కన పెట్టాడు. "అలగైతే నలభైసార్లని రాయి. నలభైసార్లు మూసినాడు అని రాయి. తక్కువ సేసి రాయకు."

రాశాను.


సెప్టెంబరు 18, శుక్రవారం

సత్యవతి గారూ, నా పుస్తకంలో ఇక్కడిదాకా ఉంది. మార్పు, రెండు పరీక్షల నమోదులు, మూడో తేదీ నమోదు వెనక పేజీల్లో ఉన్నాయి. పెద్ద ఉత్తరాలు మోసే కొండ రేడియో శుక్రవారమే కనుక ఇవాళ పంపుతున్నాను. చిన్న జవాబు ఏ రోజైనా అందుతుంది.

మా యంత్రంలో మాత్రమే మార్పు ఎక్కించుకోవచ్చు కదా అని అమ్మ అడిగింది. ఎక్కించుకోవచ్చు, సంఘం ఒప్పుకుంటే. కానీ మిగతా ఊళ్లలో కూడా ఫైలు మూసే అలవాటున్న తూకందారు ఎక్కడో ఒకరు ఉండే ఉంటారు. తుపాను రోజున వాళ్ల పంపు వేరే తెప్ప లెక్క చదివితే రెండు వేళ్లతోనో నాలుగు వేళ్లతోనో ఆగదు.

నా తాళం గురించి మీరు ఏది నిర్ణయిస్తే అది నాకు సమ్మతమే. దాని గురించి తీరిగ్గా, జనవరిలో రాసినా సరే. ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే. ఇరవై నాలుగో తేదీ, గురువారం సాయంత్రంలోగా ఒక్క వరుస జవాబివ్వండి. మార్పు తీసుకుంటే తీసుకున్నామని. ఇంకా చూడాల్సి ఉంటే, లేదా నేను రాసిన పద్ధతి నచ్చకపోతే, అదే రాయండి, నేను మళ్లీ రాస్తాను. ఎలాగైనా సరే, ఫైలు మూయడం తూకందారు తప్పు కాదన్న ముక్క ఆ వరుసలో ఉండేలా చూడండి. శుక్రవారం పొద్దున సంఘంలో నేను చదివితే సరిపోదు, నేను మేనకోడలిని. సన్యాసమ్మ పెద్దమ్మ చదువుతానంది. దయచేసి ఆవిడ పేరు మీదే పంపండి.